పాతకారు దీపాలు మసకబారటం ఎందుకు?

హైదరాబాదులో అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే రోడ్డు ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. ఈ రెండు కూడళ్ళ నడుమ దూరం రెండు కిలోమీటర్లకు మించదు. రోడ్డు నడుమ స్తంభాల వరుస ఉన్నది. ఆ స్తంభాల మీదుగా 2018 సెప్టెంబరు నుంచి మెట్రో రైళ్ళు నడుస్తున్నాయి. సాయంత్రం చీకటిపడే వేళకు శిక్షణ సంస్థల నుంచి విద్యార్థులు గుంపులు గుంపులుగా బయటకు వచ్చి, బస్సుకోసమో రైలుకోసమో రోడ్డు దాటుతూ ఉంటారు.

ఇటువంటి వేళ అమీర్‌పేట కూడలిలో ఎర్రదీపం దగ్గర 1960 దశకం నాటి అంబాసిడర్ కారు ఒకటి ఆగి ఉన్నదనుకొనండి. దాని ముందుదీపాలను పరిశీలనగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. కారు ఆగి ఉన్నంతసేపూ ఆ దీపాలు పండిన నిమ్మపండు రంగులో మసకగా వెలుగుతాయి. పచ్చదీపం వెలిగి, డ్రైవరు యాక్సిలరేటరు తొక్కగానే అవి తెల్లబడి ప్రకాశిస్తాయి. పంజాగుట్ట కూడలిలో మళ్ళీ ఆగితే మళ్ళీ మసకబారుతాయి. పక్కనే నిలిచిన కొత్తకారు దీపాలలో ఈ మార్పు కనిపించదు. దీనికి కారణమేమిటి?

సాధారణంగా కారు యజమాని, "బల్బు పాతబడింది, ఇంకా పెద్ద బల్బు వేయిస్తే సరిపోతుంది" అనుకొంటాడు. కాని చాలా సందర్భాలలో తప్పు బల్బుది కాదు. బల్బుకు విద్యుత్తును మోసుకొనివచ్చే తీగది, ఆ తీగ దారిలో ఉన్న కీళ్ళది. ఈ సంగతి తెలియక పెద్ద బల్బు వేస్తే వెలుగు అనుకొన్నంత పెరగదు సరికదా, కారుకు నిప్పంటుకొనే ప్రమాదం కూడా ఏర్పడుతుంది. హైస్కూలు భౌతికశాస్త్రంలో నేర్చుకొనే రెండు మూడు సూత్రాలతోనే దీనిని వివరించవచ్చు.

విద్యుత్తు నడిచే దారి

అంబాసిడర్ కారును హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారుచేసింది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు దీనికి మాతృక. 2014లో దీని తయారీ నిలిచిపోయింది. దీనిలోను, దీని సమకాలికులైన ఇతర కార్లలోను ముందుదీపాల వలయం దాదాపు ఒకే విధంగా ఉంటుంది.

12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక తీగ డ్రైవరు ముందున్న స్విచ్చికి పోతుంది. అక్కడి నుంచి డిప్పు స్విచ్చికి పోతుంది. అనేక పాతకార్లలో ఈ డిప్పు స్విచ్చి నేలమీద ఎడమకాలితో నొక్కేటట్లు ఉండేది. అక్కడి నుంచి తీగ మళ్ళీ ముందుకు వచ్చి రెండు దీపాలను చేరుతుంది. బ్రిటిష్ నమూనా కార్లలో ఈ తీగలను రంగులతో గుర్తుపట్టవచ్చు. స్విచ్చి నుంచి డిప్పు స్విచ్చికి పోయేది నీలం, పైచూపు కాంతికి పోయేది నీలంమీద తెల్లచార, దిగచూపు కాంతికి పోయేది నీలంమీద ఎర్రచార, ఎర్తుకు పోయేది నలుపు.

దీపం నుంచి బ్యాటరీకి తిరిగివచ్చే దారి మాత్రం తీగ కాదు, కారు ఇనుప శరీరమే. దీనిని మెకానిక్కులు ఎర్తు అంటారు. అంటే వలయంలో సగం కంటికి కనిపిస్తుంది, మిగతా సగం కనిపించదు. కనిపించని ఆ సగంలో ఎక్కడో ఒక బోల్టు కింద తుప్పు పట్టితే దీపం మసకబారుతుంది. యజమాని మాత్రం బల్బు మారుస్తూనే ఉంటాడు.

ఓమ్ సూత్రం చెప్పే లెక్క

జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రం ప్రకారం, ఒక వాహకం రెండు కొనల మధ్య పోయే వోల్టేజి, అందులోని ప్రవాహాన్ని దాని నిరోధంతో గుణించగా వచ్చే విలువకు సమానం. తీగ నిరోధం దాని పొడవుతో పెరుగుతుంది, మందంతో తగ్గుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగితీగకు ప్రతి మీటరుకు నిరోధం సుమారు 0.017 ఓము.

పాతకారులో బ్యాటరీ నుంచి స్విచ్చిల మీదుగా దీపం దాకా తీగ పొడవు 5 మీటర్లు, అడ్డుకోత ఒక చదరపు మిల్లీమీటరు అనుకొంటే దాని నిరోధం సుమారు 0.086 ఓము. ఇంతటితో అయిపోలేదు. దారిలో స్విచ్చి, డిప్పు స్విచ్చి, కొనలను కలిపే క్లిప్పులు, బల్బు హోల్డరు, ఎర్తు బోల్టు ఉన్నాయి. ఏళ్ళ తరబడి వానకు, దుమ్ముకు, ఇంజను వేడికి గురైన ఈ కీళ్ళన్నిటి నిరోధం కలిసి 0.1 ఓము ఉన్నదనుకొంటే మొత్తం నిరోధం 0.186 ఓము అవుతుంది.

ఇది చాలా స్వల్పంగా తోచవచ్చు. కాని ప్రవాహం స్వల్పం కాదు. ఆ కాలపు బల్బులు ఒక్కొక్కటి 45 వాట్లవి. రెండు బల్బులకు 90 వాట్లు. 90ని 12 వోల్టులతో భాగిస్తే 7.5 ఆంపియర్లు. దీనిని 0.186తో గుణిస్తే దాదాపు 1.4 వోల్టులు. అంటే బ్యాటరీ దగ్గర 12 వోల్టులున్నా దీపాన్ని చేరేది 10.6 వోల్టులే. మిగతాది దారిలోనే ఖర్చయిపోయింది. నిజానికి వోల్టేజి తగ్గినప్పుడు ప్రవాహం కూడా కొంత తగ్గుతుంది. లెక్క సులువుగా ఉండటానికి దానిని ఇక్కడ విడిచిపెట్టటం జరిగింది.

వోల్టేజి తగ్గేది కొంచెం, వెలుగు తగ్గేది చాలా

12లో 1.4 పోతే నూటికి 12 వంతులు పోయినట్లు. అయితే వెలుగు కూడా నూటికి 12 వంతులే తగ్గుతుందా? తగ్గదు, అంతకంటె ఎంతో ఎక్కువ తగ్గుతుంది.

బల్బులోని టంగ్‌స్టన్ తంతువు సుమారు 2500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి వద్ద వెలుగుతుంది. దాని వేడిమి కొద్దిగా తగ్గినా, అది వెదజల్లే శక్తిలో కంటికి కనిపించే భాగం బాగా తగ్గి, కనిపించని పరారుణ భాగం వాటా పెరుగుతుంది. అందుకే దీపం మసకబారటమే కాక పసుపు రంగుకు తిరుగుతుంది. ప్రయోగాలలో తేలిన దేమంటే, టంగ్‌స్టన్ దీపం వెలుగు వోల్టేజికి సుమారు 3.4 ఘాతం ప్రకారం మారుతుంది. వోల్టేజి నూటికి 90 వంతులైతే వెలుగు నూటికి 70 వంతులే ఉంటుంది. పై ఉదాహరణలో 10.6 వోల్టుల వద్ద వెలుగు నూటికి 66 వంతులు మాత్రమే. మూడింట ఒక వంతు వెలుగు తీగలోనే పోయింది.

ఈ నష్టం రోడ్డుమీద ఎట్లా కనిపిస్తుంది? గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు. అడ్డంగా మనిషి కనిపించిన తర్వాత డ్రైవరు కాలు బ్రేకుమీదికి పోవటానికి ఒక సెకను పడుతుందనుకొంటే, ఆ సెకనులోనే కారు 16.7 మీటర్లు పోతుంది. తర్వాత సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే పూర్తిగా ఆగటానికి మరి 28 మీటర్లు కావలె. మొత్తం దాదాపు 45 మీటర్లు.

కాంతి తీవ్రత దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది కనుక, వెలుగు నూటికి 66 వంతులకు తగ్గితే, ఒక వస్తువు ఒకే ప్రకాశంతో కనిపించే దూరం నూటికి 81 వంతులకు తగ్గుతుంది. సరైన దీపంతో 45 మీటర్ల దూరంలో కనిపించవలసిన మనిషి 36 మీటర్ల దగ్గరకు వస్తే తప్ప కనిపించడు. ఆగటానికి కావలసినది 45 మీటర్లు, కనిపించినది 36 మీటర్లు. ఆ 9 మీటర్ల లోటు రాగితీగలో పుట్టినదే. వీధిదీపాలున్న అమీర్‌పేట రోడ్డులో ఈ లోటు తెలియకపోవచ్చు. అదే కారు ఊరు దాటి వీధిదీపాలు లేని రోడ్డు ఎక్కినప్పుడు తెలుస్తుంది.

పెద్ద బల్బు వేస్తే?

ఇప్పుడు యజమాని ఆలోచనను పరీక్షించవచ్చు. 45 వాట్ల బల్బులు తీసి, ఆ తీగలకే 100 వాట్ల బల్బులు తగిలించాడనుకొంటే ప్రవాహం 16.7 ఆంపియర్లకు పెరుగుతుంది. దారిలో పోయే వోల్టేజి 3.1 అవుతుంది. బల్బుకు చేరేది 8.9 వోల్టులే. ఆ వోల్టేజి వద్ద ఆ బల్బు తన పూర్తి వెలుగులో నూటికి 36 వంతులు మాత్రమే ఇస్తుంది. వాట్లు రెట్టింపుకు మించి పెరిగినా అందులో ఎక్కువ భాగం వృథా అయింది.

వృథా అయిన శక్తి ఎక్కడికి పోయింది? వేడిగా మారింది. 1841లో జౌల్ ప్రకటించిన సూత్రం ప్రకారం ఈ వేడి ప్రవాహం వర్గాన్ని అనుసరిస్తుంది. పాత బల్బులతో దారిలో పుట్టిన వేడి సుమారు 10 వాట్లు. కొత్త బల్బులతో అది 52 వాట్లు. అంటే డాష్‌బోర్డు వెనుక, తీగల కట్టలో, స్విచ్చి లోపల ఒక పెద్ద సోల్డరింగు కడ్డీని వేడిచేసి వదిలినట్లే. పైగా ఈ వేడి తీగ పొడవునా సమంగా పంచుకోబడదు. ఏ కీలు వదులుగా ఉన్నదో, ఏది తుప్పు పట్టినదో అక్కడే పోగుపడుతుంది. వేడికి ఆ కీలు మరింత ఆక్సీకరణం చెంది నిరోధం ఇంకా పెరుగుతుంది, నిరోధం పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది.

పాతకార్లలో తీగల తొడుగు రబ్బరుది, దానిమీద నూలు అల్లిక. యాభై అరవై ఎండాకాలాలు చూసిన రబ్బరు పెళుసై పగుళ్ళిచ్చి ఉంటుంది. ఎలుకలు కొరికిన చోట్లు కూడా ఉండవచ్చు. పైగా అనేక పాత బ్రిటిష్ నమూనా కార్లలో రెండే ఫ్యూజులుండేవి. ముందుదీపాల వలయానికి ఫ్యూజే ఉండేది కాదు. తొడుగు కరిగి తీగ ఇనుప శరీరాన్ని తాకితే, బ్యాటరీ వందల ఆంపియర్ల ప్రవాహాన్ని ఒక్కసారిగా పంపుతుంది. దానిని అడ్డుకొనేది ఏదీ లేదు.

రిలే: చిన్నప్రవాహంతో పెద్దప్రవాహాన్ని ఏలటం

ఈ చిక్కుకు పరిష్కారం మోటారుకారు కంటె పాతది. అమెరికన్ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలో దూరాన ఉన్న ఒక వలయాన్ని విద్యుదయస్కాంతంతో తెరిచి మూసే ఉపాయాన్ని చూపించాడు. తర్వాత తంతి వార్తలను దూరప్రాంతాలకు పంపటానికి అది ఎంతో ఉపకరించింది. దాని పేరే రిలే.

రిలేలో సన్నతీగ చుట్ట ఒకటి ఉంటుంది. దానిలో ప్రవాహం నడిస్తే అది అయస్కాంతమై ఒక ఇనుప పలకను లాగుతుంది. ఆ పలక రెండు కొనలను కలిపి పెద్దప్రవాహానికి దారి ఇస్తుంది. చుట్ట నిరోధం సుమారు 80 ఓములుంటుంది కనుక దానికి కావలసిన ప్రవాహం 0.15 ఆంపియరు మాత్రమే. పాతతీగలు, పాతస్విచ్చిలు ఇకమీదట ఈ 0.15 ఆంపియరును మోస్తే చాలు. వాటి 0.186 ఓము నిరోధం వల్ల పోయేది 0.03 వోల్టు, అది లెక్కలోనిది కాదు.

దీపానికి కావలసిన అసలు ప్రవాహం మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా, కొత్త మందపు తీగల ద్వారా, రిలే మీదుగా పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ ఒకటిన్నర మీటరు ఉంటే దాని నిరోధం 0.01 ఓము. ఫ్యూజు, రిలే కొనలు, క్లిప్పులు కలిసి మరో 0.01 ఓము అనుకొంటే మొత్తం 0.02. రెండు 60 వాట్ల బల్బులు తీసుకొనే 10 ఆంపియర్లకు దారిలో పోయేది 0.2 వోల్టు. దీపాలకు చేరేది 11.8 వోల్టులు, వెలుగు నూటికి 94 వంతులు.

మార్కెట్టులో దొరికే కారు రిలేలమీద 30, 87, 85, 86 అనే అంకెలుంటాయి. 30 బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే తీగకు, 87 దీపానికి, 85, 86 చుట్ట రెండు కొనలకు. పైచూపు కాంతికి ఒకటి, దిగచూపు కాంతికి ఒకటి చొప్పున రెండు రిలేలు కావలె. ఫ్యూజును బ్యాటరీకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. ఎందుకంటే ఫ్యూజు కాపాడేది బల్బును కాదు, తనకు ఆవల ఉన్న తీగను. రెండు దీపాలకూ వేర్వేరు ఫ్యూజులు పెట్టితే ఒకటి పోయినా రెండవ దీపం వెలుగుతూ ఉంటుంది. నడిరాత్రి రోడ్డుమీద రెండు దీపాలూ ఒక్కసారి ఆరిపోవటం కంటె పెద్ద ఆపద లేదు. ప్రతి దీపానికి బోల్టు కింద రంగు గీకి, శుభ్రమైన లోహంమీద ఎర్తు తీగ బిగించటం కూడా మరువరాదు.

డైనమో సంపాదన, దీపాల ఖర్చు

మొదట అడిగిన ప్రశ్నకు సగం సమాధానం ఇంకా మిగిలి ఉన్నది. కారు ఆగినప్పుడే దీపం ఎందుకు మసకబారుతుంది?

ఆ కాలపు కార్లలో విద్యుత్తును పుట్టించేది డైనమో. ఇంజను వేగంగా తిరిగితేనే అది తగినంత విద్యుత్తు ఇస్తుంది. ఇంజను నెమ్మదించినప్పుడు దాని వోల్టేజి బ్యాటరీ వోల్టేజి కంటె తగ్గిపోతుంది. అప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనక్కు డైనమోలోకి పారకుండా కటౌటు అనే పరికరం ఆ దారిని తెంచుతుంది. అంతవరకు 14 వోల్టుల వద్ద వెలిగిన దీపాలు ఇప్పుడు 12 వోల్టుల బ్యాటరీమీద ఆధారపడతాయి. 3.4 ఘాతం సూత్రం ప్రకారం వెలుగు నూటికి 60 వంతులకు దిగుతుంది. ఇదే కూడలి దగ్గర కనిపించిన వింత. కొత్తకార్లలోని ఆల్టర్నేటరు ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు కూడా తగినంత విద్యుత్తు ఇస్తుంది కాబట్టి వాటిలో ఈ తేడా కనపడదు.

కనుక దీపాలు మార్చేముందు డైనమో సంపాదనను, కారు ఖర్చును పక్కపక్కన వేసి చూడవలె. పాత డైనమోలు పూర్తివేగంలో సుమారు 20 ఆంపియర్లు ఇచ్చేవి. 60 వాట్ల దీపాలు రెండింటికి 10, వెనుకదీపాలు మొదలైన చిన్నదీపాలకు 2, ఇంజను జ్వలనానికి 3 లేక 4, వానలో వైపరుకు 3 ఆంపియర్లు. ఇప్పటికే 19 అయినాయి. బ్రేకుమీద కాలు పెట్టగానే వెనుక 21 వాట్ల దీపాలు రెండు మరి మూడున్నర ఆంపియర్లు అడుగుతాయి. వానాకాలపు రాత్రి పంజాగుట్ట దగ్గర అరగంట ఇరుక్కొన్న కారులో డైనమో సంపాదన సున్నా, ఖర్చు ఇరవై. బ్యాటరీ ఆ లోటును తీరుస్తూ తీరుస్తూ అలసిపోతుంది. 100 వాట్ల బల్బులు ఇందుకు కూడా తగవు.

ఏ బల్బు? ఏ అద్దం?

తీగ బాగుపడిన తర్వాతే బల్బు సంగతి. ఐరోపాలో 1962లో హాలొజన్ బల్బు కారు దీపాలలో ప్రవేశించింది. 1971లో ఒకే బల్బులో రెండు తంతువులున్న హెచ్-4 రకం వచ్చింది. మామూలు బల్బులో తంతువు నుంచి ఆవిరైన టంగ్‌స్టన్ గాజుకు అంటుకొని దానిని నల్లబరుస్తుంది. హాలొజన్ బల్బులో కొద్దిగా ఉండే అయొడిన్ లేక బ్రోమిన్ ఆ టంగ్‌స్టన్‌తో కలిసి, తిరిగి తంతువు దగ్గరకు చేర్చుతుంది. అందువల్ల తంతువును ఎక్కువ వేడిమి వద్ద వెలిగించవచ్చు. పాత 45 వాట్ల బల్బు పైచూపు కాంతి సుమారు 860 ల్యూమెన్లు, 60 వాట్ల హెచ్-4 బల్బుది సుమారు 1650 ల్యూమెన్లు. వాట్లు మూడో వంతు పెరిగితే వెలుగు దాదాపు రెట్టింపయింది.

పై లెక్కలను కలిపి చూస్తే సంగతి స్పష్టపడుతుంది. పాతబల్బు పాతతీగలతో ఇచ్చేది సుమారు 570 ల్యూమెన్లు. హెచ్-4 బల్బు పాతతీగలతో ఇచ్చేది సుమారు 920. అదే బల్బు రిలేతో, కొత్తతీగలతో ఇచ్చేది 1550. బల్బు కొన్నందుకు వచ్చిన లాభం కంటె తీగ బాగుచేసినందుకు వచ్చిన లాభం ఎక్కువ.

బల్బు చేసేది వెలుగును పుట్టించటమే. దానిని రోడ్డుమీదికి పంపేది వెనుక ఉన్న పరావలయ దర్పణం. దాని నాభి వద్ద తంతువు ఉంటే కిరణాలు సమాంతరంగా దూరం పోతాయి. తంతువు నాభికి కొన్ని మిల్లీమీటర్లు తప్పినా కిరణాలు చెదిరిపోతాయి. దిగచూపు కాంతికి రెండవ తంతువును కావాలనే నాభికి ముందు పెట్టి, దాని కింద చిన్న కప్పు అమర్చుతారు. అందువల్ల దర్పణం పైసగం మాత్రమే పనిచేసి కాంతి కిందికి వంగుతుంది.

ఈ అమరికలో తంతువుకు బదులు ఎల్.ఇ.డి. బల్బు గుచ్చితే ఏమవుతుంది? ఎల్.ఇ.డి. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు ఇస్తుంది. డైనమోకు అది మేలే. కాని దానిలో వెలుగు పుట్టే చోటు, ఆకారం తంతువువంటివి కావు. తంతువుకోసం రూపొందించిన దర్పణంలో ఆ వెలుగు నానా దిక్కులకు చిమ్ముతుంది. చూసేవారికి ప్రకాశంగా తోచినా రోడ్డుమీద పడేది తక్కువ. ఎల్.ఇ.డి. కావలెనంటే దానికోసమే దర్పణం, అద్దం రూపొందించిన 7 అంగుళాల పూర్తి దీపం పెట్టుకోవటమే సరైన పద్ధతి. అదికూడా ఎడమవైపు నడిచే మన దేశపు రోడ్లకు తయారైనదై ఉండవలె. కుడివైపు నడిచే దేశాల దీపం ఎదురుగా వచ్చేవారి కళ్ళలోకి కాంతిని ఎత్తుతుంది. పాత బ్రిటిష్ నమూనా కార్లు అనేకం బ్యాటరీ ధనధ్రువాన్ని ఎర్తు చేసుకొన్నవి. తంతువుకు ధనమైనా ఋణమైనా ఒకటే, ఎల్.ఇ.డి.కి కాదు. దానిలో ప్రవాహం ఒకే దిశలో నడుస్తుంది.

ఎదుటివారి కళ్ళు

ఒకరి దీపం మరొకరిని గుడ్డివారిని చేయరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం దీనికి కొలత కూడా చెప్పింది. దీపానికి ముందు 8 మీటర్ల దూరంలో, దీపం కుడి అంచుకు అర మీటరు కుడిగా, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపని విధంగా కాంతి కిందికి వంగి ఉండవలెనని, లేదా డ్రైవరు దానిని అట్లా వంచగలిగి ఉండవలెనని దాని సారాంశం.

దీపం దిశను సరిచేయటానికి ఖరీదైన యంత్రం లేకపోయినా చదునైన నేల, ఒక గోడ చాలు. గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి దీపం మధ్యభాగపు ఎత్తును గోడమీద గుర్తు పెట్టవలె. దిగచూపు కాంతి పై అంచు ఆ గుర్తుకు 10 సెంటీమీటర్లు కిందుగా పడవలె. దీపం ఎత్తు 70 సెంటీమీటర్లయితే ఆ అంచు 70 మీటర్ల దూరాన నేలను తాకుతుంది.

ఇక్కడ మరొక చిక్కున్నది. వెనుక సీటులో నలుగురు కూర్చొంటే పాతకారు వెనుక స్ప్రింగులు కుంగి ముక్కు లేస్తుంది. ఒక్క డిగ్రీ లేచినా 40 మీటర్ల దూరంలో కాంతి అంచు 70 సెంటీమీటర్లు పైకి పోతుంది. అంతకుముందు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది ఇప్పుడు ఒక మీటరు ఎత్తుకు, ఎదుటి డ్రైవరు కళ్ళ దగ్గరకు వస్తుంది. ఒకసారి మిరుమిట్లు గొన్న కన్ను తిరిగి చీకటికి అలవాటు పడటానికి కొన్ని సెకనులు పడుతుంది. ఆ సెకనులలోనే మెట్రో స్తంభం చాటునుంచి ఎవరైనా రోడ్డుమీదికి అడుగు పెట్టవచ్చు. కాబట్టి కారు మామూలుగా మోసే బరువుతోనే దీపాలను సరిచేయించుకోవలె.

తరగతిలో చేసి చూపదగిన ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని సులువుగా ప్రదర్శించవచ్చు. కావలసినవి 12 వోల్టుల మోటారుసైకిలు బ్యాటరీ ఒకటి, 21 వాట్ల బల్బు, 5 ఆంపియర్ల ఫ్యూజు, వోల్టుమీటరు, అర చదరపు మిల్లీమీటరు తీగ 20 మీటర్లు. ఫ్యూజును బ్యాటరీ పక్కనే కలపవలె. మొదట పొట్టితీగలతో బల్బును వెలిగించి దాని కొనల మధ్య వోల్టేజిని కొలవవలె. తర్వాత పోవటానికి 10 మీటర్లు, రావటానికి 10 మీటర్లు తీగ కలిపి మళ్ళీ కొలవవలె. 20 మీటర్ల తీగ నిరోధం సుమారు 0.69 ఓము. ప్రవాహం 1.75 ఆంపియర్లు. లెక్క ప్రకారం 1.2 వోల్టులు తగ్గవలె. వెలుగు తగ్గి పసుపుగా మారటం తరగతిలో వెనుక బెంచీ దాకా కనిపిస్తుంది.

ఇదే పద్ధతిని మెకానిక్కు కారులో పాటిస్తాడు. దీపాలు వెలుగుతుండగా బ్యాటరీ కొనల దగ్గర, దీపం కొనల దగ్గర వోల్టేజి కొలిచి తేడా చూస్తాడు. తర్వాత ఒక్కొక్క కీలుకు ఇటూ అటూ మీటరు పెట్టి, ఎక్కడ ఎక్కువ వోల్టేజి పోతున్నదో పట్టుకొంటాడు. దీపాలు ఆర్పి కొలిస్తే మాత్రం ఏ తప్పూ బయటపడదు. ప్రవాహం లేనప్పుడు నిరోధంలో పోయే వోల్టేజి సున్నా.

పాతదనానికి భంగం లేకుండా

యాభై ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉన్న కార్లను పురాతన వాహనాలుగా నమోదు చేసుకోవటానికి 2021 జులైలో కేంద్రప్రభుత్వం నియమాలు ప్రకటించింది. ఛాసీ, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు చేసినవి ఈ లెక్కలోకి రావు. తీగల విషయంలోనూ ఇదే దృష్టి మంచిది. రిలేను దీపం వెనుక ఉన్న క్లిప్పుల దగ్గర జోడిస్తే పాతతీగలను ఎక్కడా కోయనక్కరలేదు. రేపు ఎవరైనా కారును మొదటి రూపానికి తేదలిస్తే క్లిప్పు ఊడదీసి పాతది తగిలిస్తే సరిపోతుంది. పగిలిన రబ్బరు తీగలను మాత్రం మార్చక తప్పదు. అప్పుడు కూడా పాత రంగుల క్రమాన్నే పాటిస్తే, తర్వాత చేయిచేసుకొనే మెకానిక్కు తడుముకోడు.

పనులు చేసే వరస ఇది. మొదట కీళ్ళు, ఎర్తులు శుభ్రం చేసి వోల్టేజి కొలవటం. తర్వాత రిలేలు, ఫ్యూజులు. ఆ తర్వాత బల్బు. చివర గోడముందు నిలిపి దిశ సరిచేయటం. ఈ వరసను తలకిందులు చేసి బల్బుతో మొదలుపెట్టినవారికి డబ్బు ఖర్చవుతుంది, తీగ కాలుతుంది, ఎదుటివారి కళ్ళు చెదురుతాయి. వరస పాటించినవారిలో కొందరికి మొదటి పనితోనే సరిపోవచ్చు. పావుగంట సేపు గరుకు కాగితంతో ఎర్తు బోల్టును రుద్దితే, పోయిందనుకొన్న వెలుగులో మంచి భాగం తిరిగి వస్తుంది.